భూగర్భ జలాల లెక్క – 3వ పాఠం: మట్టం దిగితే పోయిన నీరెంత?

గత పాఠంలో నేల కింద నీరు నిలిచే పొరలను గుర్తించాం. ఈసారి బోరులో మట్టం కొలిచి, ఆ కొలతను నీటి పరిమాణంగా మారుద్దాం.

స్టీలు టేపు, సుద్దముక్క చాలు. ముందురోజు రాత్రంతా మోటారు ఆపాలి, వీలైతే పక్క బోర్లవి కూడా. మోటారు ఆడుతుంటే బోరు చుట్టూ నీరు కుంగి ఉంటుంది, నిలకడ మట్టం తెలియదు. తాగునీటి బోరైతే టేపును ముందే శుభ్రంగా కడగండి. టేపు కింది రెండు మీటర్లకు సుద్ద పూసి దించండి. 20 మీటర్ల గీత కేసింగ్ అంచుకు రాగానే ఆపి, పైకి లాగండి. సుద్ద 1.35 మీటర్లు తడిసిందనుకుందాం: 20 – 1.35 = 18.65. కేసింగ్ నేలపైకి 0.45 మీటరు ఉంటే అదీ తీసేయాలి. అంటే నేల నుంచి నీటికి 18.20 మీటర్లు. వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి కొలవడం తప్పనిసరి.

ఇక అసలు లెక్క. నిరుడు ఇదే రోజుల్లో 16.20 ఉంటే, మట్టం 2 మీటర్లు దిగినట్టు. హెక్టారంటే 10,000 చదరపు మీటర్లు కాబట్టి 20,000 ఘనపు మీటర్లు పోయాయనుకోకండి. ఆ మందంలో ఎక్కువ భాగం రాయే. సందుల్లోంచి దిగి మన చేతికందే నీటి వాటాను స్పెసిఫిక్ ఈల్డ్ అంటారు. శిథిల గ్రానైట్‌లో అది సుమారు 2 శాతం, ఇసుక మేటల్లో సుమారు 16 శాతం.

గ్రానైట్‌లో: 10,000 × 2 × 0.02 = 400 ఘనపు మీటర్లు.
ఇసుకలో: 10,000 × 2 × 0.16 = 3,200 ఘనపు మీటర్లు.

(బంకమట్టి పొర కింద ఒత్తిడిలో ఉన్న నీటికి ఈ సూత్రం పనికిరాదు.)

దీన్నే తిరగేసి చూడండి. వాననీరు 40 మిల్లీమీటర్లు ఇంకి పొరను చేరితే ఇసుకలో మట్టం 25 సెంటీమీటర్లే పెరుగుతుంది, గ్రానైట్‌లో ఏకంగా 2 మీటర్లు. రాతినేలల్లో బోరు పైకొచ్చిందని ఇంకో పంటకు దిగేవాళ్లను చూస్తే నాకు గుబులుగా ఉంటుంది. ఆ 2 మీటర్ల నీరంతా తోడినా హెక్టారు పొలంలో 4 సెంటీమీటర్ల లోతుకు మించి నిలవదు, అంటే దాదాపు ఒక్క తడి. అందులోనూ కొంత వాగుల్లోకి ఊరిపోతుంది.

అభ్యాసం: మీ బోరు మట్టం కొలిచి, తేదీ వేసి రాయండి. 200 లీటర్ల డ్రమ్ము నిండడానికి మీ మోటారుకు ఎన్ని సెకన్లు పడుతుందో కూడా చూసిపెట్టుకోండి. ఎన్ని గంటలు తోడవచ్చో 4వ పాఠంలో దానితోనే లెక్కిస్తాం.