పాత ఆటోమేటిక్ కారులో గేర్ జారితే: నా అనుభవం

మాది 15 ఏళ్లు దాటిన ఆటోమేటిక్ కారు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు రెండు నుంచి మూడో గేరు పడే చోట ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా పైకి లేస్తుంది, ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం ముందుకు పోనంటుంది. గేర్‌బాక్స్ దింపాల్సిందే అన్నారు గ్యారేజీలో. ఆ డబ్బుకి ఇంకో పాత బండే వస్తుంది కదా, ముందు గేర్‌బాక్స్ ఆయిల్ సంగతి చూద్దామనుకున్నా.

ఇంజన్ వేడెక్కాక, చదునైన చోట, ఆన్‌లో ఉంచే గేర్‌బాక్స్ డిప్‌స్టిక్, అంటే ఆయిల్ లెవెల్ చూసే పుల్ల, తీసి తెల్ల గుడ్డకి తుడిచాను (కొన్ని మోడళ్లలో ఇంజన్ ఆపి చూడాలి, కొన్నిటికి డిప్‌స్టిక్కే ఉండదు, మాన్యువల్ చూసుకోండి). ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ కాఫీ డికాషన్‌లా ఉంది, మాడు వాసన, పైగా లెవెల్ కింది గీతకి దిగువన. బండి కిందికి దూరి చూస్తే గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ గొట్టం క్లిప్పు దగ్గర తడి. ఆయిల్ తగ్గితే ప్రెషర్ చాలదు, లోపలి క్లచ్ ప్లేట్లు గట్టిగా పట్టుకోవు, జారేది అందుకే.

గొట్టం, క్లిప్పులు మార్పించి గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పాన్ విప్పించాను. అందులోని అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి పేస్టు, అది మామూలే. లోహపు ముక్కలు దొరికి ఉంటే కథ వేరు. కొత్త ఫిల్టరు వేసి, మాన్యువల్‌లో రాసిన రకం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) మాత్రమే పోయించాను. ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లోని పాత ఆయిల్ ఒక్కసారే దిగదు కాబట్టి కొన్నాళ్లు తిప్పి మళ్లీ మార్పించాను. మెషిన్ పెట్టి ఫ్లష్ చేస్తానన్నాడు మెకానిక్, ఇంత పాతదానికి ఎందుకులే అని వద్దన్నా.

ఇప్పుడు మూడో గేరు శుభ్రంగా పడుతోంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు చిన్న కుదుపు ఉంది, దానికి గేర్‌బాక్స్‌లో ఆయిల్ ప్రెషర్‌ని నియంత్రించే సోలినాయిడ్ వాల్వు చెక్ చేయించాలి.