అటక మీద మిలటరీ పెట్టె దొరికితే ఏం చేయాలి

గోదావరి జిల్లాల్లో పాత మిలటరీ బట్టలు, టోపీలు, ఫోటోలు పోగుచేయాలని ఉంటే షాపుల చుట్టూ తిరగకండి. సరుకంతా ఇళ్లల్లోనే, అటక మీద ట్రంకు పెట్టెల్లో ఉంటుంది. తాడేపల్లిగూడెం దగ్గరున్న మాధవరాన్ని మిలటరీ మాధవరం అని ఊరికే అనరు, రెండు ప్రపంచ యుద్ధాలకీ అక్కడి నుంచి మనుషులు వెళ్లారు. ఆ ఒక్క ఊరనే కాదు, డెల్టాలో ఎక్కడ అడిగినా ఎవరో ఒక మిలటరీ తాతగారి పేరు చెప్తారు. ఆయన పోయాక కొన్నాళ్లకి, పాత బట్టలకి స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ వీధిలోకి వచ్చిన రోజున ఖాకీ చొక్కా వెళ్లిపోతుంది, ఇత్తడి బ్యాడ్జీ తూకానికి పోతుంది. మనం వెళ్లాల్సింది ఆ రోజుకి ముందే.

వెళ్లగానే "ఏమన్నా అమ్ముతారా" అన్నారంటే పని చెడిపోయినట్టే. మనిషి గురించి అడగండి. "మామ్మగారూ, తాతగారు ట్రైనింగ్ ఎక్కడయ్యారండీ? ఉత్తరాలు ఎక్కణ్ణుంచి వచ్చేవండీ?" బెంగుళూరు అంటే సాపర్లు (సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసేవాళ్లు) అయ్యుండొచ్చు, నీలగిరుల్లో వెల్లింగ్టన్ అంటే మద్రాస్ రెజిమెంట్ అయ్యుండొచ్చు. ఆవిడ ఒప్పుకుంటే ఆ మాటలు ఫోన్లో రికార్డు చేసుకోండి. తర్వాత డిశ్చార్జి బుక్కు, పెన్షన్ కాగితాలు ఉన్నాయేమో చూడమనండి, ఎందుకంటే వాటి మీద సర్వీసు నంబరు ఉంటుంది, అది దొరికితే సగం పని అయిపోయినట్టే. నా లెక్కలో బొత్తాలు ఊడిపోయినా ఎవరిదో తెలిసిన చొక్కా ముందు, ఎవరిదో తెలియని నిగనిగలాడే హెల్మెట్టు దిగదుడుపే. వస్తువు ఇవ్వం అని వాళ్లంటే బలవంతం చేయకండి, ఫోటోలు తీసుకుని వచ్చేయండి.

ఇక గోడ మీది ఫోటో. అద్దం మీద కుంకుమ బొట్టు, ఎండిన దండ, వెనకాల అట్టని సగం తినేసిన చెదలు, మన దగ్గర మామూలుగా ఉండే పరిస్థితి ఇదే. మన చెమ్మకి చాలాసార్లు ఫోటో అద్దానికి అంటుకుపోయి ఉంటుంది, దాన్ని పీకారంటే ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. అంటుకుంటే అలాగే వదిలేసి అద్దం మీంచే, వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టి ఫోన్‌తో బొమ్మ తీసుకోండి. ఊడి వస్తే వెనక వైపు కూడా తీయండి, స్టూడియో ముద్ర, ఊరి పేరు, పెన్సిల్‌తో రాసిన తేదీ ఉండొచ్చు. ముందు వైపు తీసిన బొమ్మని పెద్దది చేసి భుజం దగ్గర మొదలుపెట్టండి. అక్కడ ఇత్తడి అక్షరాలుంటే యూనిట్ తెలిసిపోతుంది. చేతి మీద వీ ఆకారపు పట్టీ ఒకటైతే లాన్స్ నాయక్, రెండైతే నాయక్, మూడైతే హవల్దారు. భుజం మీద ఒక్క నక్షత్రం ఉంటే జమేదారు కావచ్చు, సెకండ్ లెఫ్టినెంట్ కూడా కావచ్చు, ఆ ఒక్కదాన్ని బట్టి తేల్చలేం. జమేదారు అనే హోదాకి 1965లో నాయబ్ సుబేదారు అని పేరు మార్చారు కాబట్టి ఇంట్లోవాళ్లు చెప్పే పేరుని బట్టి కూడా కాలం కొంత పట్టుకోవచ్చు. ఛాతీ మీది రిబ్బన్ల రంగులు మాత్రం ఊహించకండి, పాత ఫిల్ముల్లో ఎరుపు నల్లగా పడేది, చారల వెడల్పూ వరసా చూసుకోండి.

మెడల్ ఉంటే మీ అదృష్టం. రెండో ప్రపంచ యుద్ధం మెడల్స్ బ్రిటన్ తన సైనికులకి పేరు లేకుండానే ఇచ్చింది గానీ, మనవాళ్లకి వచ్చినవాటి మీద నంబరు, హోదా, పేరు, యూనిట్ చెక్కి ఉంటాయి. గుండ్రటివాటికి అంచు మీద, నక్షత్రం ఆకారంలో ఉన్నవాటికి వెనకాల చూడండి. అక్షరాలు కనపడకపోతే చీకట్లో టార్చి పక్క నుంచి వేసి చూడండి. అంతేగానీ చింతపండుతో తోమకండి! పండగ ముందు ఇత్తడి సామానుతో పాటు మెడల్ని కూడా తోమేసే ఇళ్లున్నాయి, ఏటా అలా చేస్తే ఆ సన్నటి అక్షరాలు అరిగిపోతాయి. బ్రాసో పాలిష్ కూడా అంతే. మొదటి యుద్ధం తర్వాత ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ వెండిది కాకుండా కంచుది దొరికితే చిన్నచూపు చూడకండి, అది కూలీ దళాల్లోనూ సామాను మోసే పనుల్లోనూ వెళ్లినవాళ్లకి ఇచ్చింది, వాళ్ల గురించి రాసినవాళ్లే తక్కువ.

పేరు దొరికాక వెతకడం. యుద్ధాల్లో చనిపోయినవాళ్లయితే, వాళ్ల సమాధుల, స్మారకాల వివరాలుండే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్లో చూడండి, కొన్నిటికి తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి. 1947 డిసెంబరు 31 వరకు చనిపోయినవాళ్ల పేర్లే ఉంటాయి, తిరిగొచ్చినవాళ్లు అందులో ఉండరు. ఇంటిపేరు పెట్టి వెతికితే దొరకడం కష్టం, వెంకన్నని ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగా కొట్టి చూడండి. చాలామంది తప్పటడుగు వేసేది జిల్లా దగ్గర. పశ్చిమ గోదావరి జిల్లా 1925లో ఏర్పడింది, అంతకుముందు తణుకు, భీమవరం వైపు కృష్ణా జిల్లాలో ఉండేవి కాబట్టి మొదటి యుద్ధానికి వెళ్లిన భీమవరం మనిషి కోసం కృష్ణా కింద, అదీ పాత ఇంగ్లీషు స్పెల్లింగుతో వెతకాలి. బతికొచ్చినవాళ్లకైతే కుటుంబం చేత అర్జీ రాయించి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగించండి, ఏ రికార్డు ఆఫీసుకి వెళ్లాలో చెప్తారు. యానాం వైపు వస్తువైతే బ్రిటిష్‌దని ముందే ఫిక్సయిపోకండి, అక్కడ 1954 దాకా ఫ్రెంచి పాలన ఉంది.

బట్ట వయసు తేల్చడానికి బొత్తాలు, బ్యాడ్జీ చూడండి. కిరీటం ఉంటే బ్రిటిష్ కాలం, అశోకుడి సింహాలుంటే 1950 తర్వాత. బర్మా యుద్ధంలో 1943 నుంచి ఖాకీ పోయి ఆకుపచ్చ వచ్చింది. దొరటోపీ అయితే లోపలి తోలు పట్టీ మడత విప్పి చూడండి, నిజంగా పెట్టుకున్న టోపీ అయితే చెమట మరక ఉంటుంది. ఆన్‌లైన్లో అమ్మే బ్యాడ్జీల్లో కొత్తగా పోత పోసినవి చాలా ఉన్నాయి, అంచులు మొద్దుగా, వెనకాల చిన్న చిన్న గుంటలతో ఉంటే డబ్బులు జేబులోనే ఉంచుకోండి. నోట్లు చూసే అల్ట్రావయొలెట్ లైటు వేస్తే కొత్త దారం తెల్లగా మెరుస్తుంది, కాకపోతే ఈమధ్య సర్ఫుతో ఉతికిన పాత బట్ట కూడా మెరుస్తుంది, అదొక్కటే చూసి నకిలీ అనేయకండి.

మన ఊళ్లల్లో అసలు టెన్షన్ దాచడం. ఖాకీకి గంజి పెట్టి ఇస్త్రీ చేసేవారు, ఆ గంజి కోసమే బొద్దింకలూ పురుగులూ వస్తాయి. అలాగని ఉతక్కండి, రంగు దిగితే మళ్లీ రాదు. పురుగు కనిపిస్తే ఇత్తడి, తోలు లేని బట్టని పాలిథిన్ కవర్లో గాలి పోకుండా కట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్లో పెట్టండి, బయటికి తీశాక చల్లదనం పూర్తిగా పోయే దాకా కవరు విప్పకండి. తర్వాత ఉతికి ఆరేసిన గంజి లేని తెల్ల పంచె ముక్కల్ని మడతల్లో పెట్టి చుట్టండి. కలరా ఉండలు బట్టకి తగలకూడదు, ఫోటోలున్న పెట్టెలో అసలే వద్దు. తోలు బెల్టుకి కొబ్బరినూనె రాస్తే వానాకాలంలో బూజు పడుతుంది, ఇత్తడి తగిలిన చోట ఆకుపచ్చ కిలుము కూడా వస్తుంది. పెట్టె నేల మీద కాకుండా బల్ల మీద ఉంచి, సంక్రాంతి దాటాక పొడి రోజు చూసి నీడలో గాలికి ఆరబెట్టండి.

చట్టం సంగతి కూడా చూసుకోండి. నూరేళ్లు దాటిన వస్తువు 1972 చట్టం ప్రకారం పురావస్తువు కిందికి రావచ్చు, అలాంటిదాన్ని విదేశాలకి పంపకూడదు, లైసెన్సు లేకుండా వ్యాపారం చేయకూడదు. ఇప్పటి సైనిక యూనిఫాం వేసుకుని సైనికుడినని నమ్మించడం నేరం, రీల్స్ కోసం ఆ సరదా వద్దు. పెట్టెలో తూటాలో, గుండులాంటిదో కనపడితే చేత్తో ముట్టుకోకుండా, ఇంట్లోవాళ్లని బయటికి పంపి పోలీసులకి ఫోన్ చేయండి.