చిన్న ప్లాంటెడ్ ట్యాంకులో (మొక్కలు పెంచే అక్వేరియంలో) పురుగుల మందు వేసే ముందు

ముందు అది ఏ పురుగో తేల్చుకోండి. రాత్రి లైటు ఆర్పేసి, ఫోన్ టార్చ్‌తో అద్దం చూడండి. త్రికోణపు తల, రెండు కళ్లచుక్కలతో జారుతూ పోతే ప్లనేరియా. ఒకచోట అంటుకుని దారాల్లాంటి చేతులు చాపితే హైడ్రా. వెంట్రుకలా మెలికలు తిరిగే సన్న తెల్ల పురుగులైతే టెన్షన్ వద్దు, మందూ వద్దు. మేత తగ్గించి, అడుగున పేరుకున్న చెత్త సైఫన్ చేస్తే (పైపుతో నీళ్లతో పాటు లాగేస్తే) చాలు.

• ఫెన్‌బెండజోల్ (ఈ పురుగుల్ని చంపే మందు) వేస్తుంటే, అది నెరైట్ రకం నత్తలకూ హాని చేస్తుంది కాబట్టి వాటిని ముందే వేరే తొట్టిలోకి మార్చాలి. మందు పోయిందని తొందరపడి వెనక్కి వేయకండి.

• రొయ్యలుంటే రాగి కలిసిన మందు ముట్టుకోవద్దు. సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి.

• 45×30×30 సెం.మీ. ట్యాంకు లెక్కకు 40 లీటర్లు. మట్టి, రాళ్లు పోను నీళ్లు అంతకంటే తక్కువే. మోతాదు ఆ నీళ్లకే.

• ఫిల్టర్‌లో కార్బన్ తీసేయండి, మందును పీల్చేస్తుంది.

• చచ్చిన పురుగులు కుళ్లితే అమ్మోనియా పెరుగుతుంది, నీళ్లు మార్చాలి. హైదరాబాద్‌లో రోజు విడిచి రోజు నల్లా వచ్చే బస్తీల్లో బకెట్లు ముందే నింపుకోండి. నేనోసారి మందేశాక చూస్తే డ్రమ్ము ఖాళీ! నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, డీక్లోరినేటర్ కలపందే పోయకండి.