ఫ్యాన్ మార్చే ముందు గంటలు లెక్కపెట్టండి

కరెంటు బిల్లు తగ్గించాలని ఇంట్లో ఫ్యాన్లన్నీ ఒకేసారి మార్చేయకండి. ముందు ఏ ఫ్యాన్ రోజుకు ఎన్ని గంటలు తిరుగుతోందో రాసుకోండి.

పాత ఫ్యాన్ ఫుల్ స్పీడులో దాదాపు 75 వాట్లు తీసుకుంటుంది. తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 వాట్లు చాలు. మా హాల్లో ఫ్యాన్ రోజుకు 15 గంటలు తిరుగుతుంది. అంటే దాన్ని మారిస్తే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 6 రూపాయలనుకుంటే నెలకు 120. ఫ్యాన్ ధర 3,000 అయితే రెండేళ్ల ఒక నెలలో ఆ డబ్బు తిరిగి వచ్చేస్తుంది. అదే ఫ్యాన్ రోజుకు రెండు గంటలు తిరిగే చుట్టాల గదిలో పెడితే? నెలకు మిగిలేది 16 రూపాయలు. ఆ డబ్బు తిరిగి రావడానికి పదిహేనేళ్లు పడుతుంది!

ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది. మొత్తం బిల్లును యూనిట్లతో భాగించి వచ్చిన రేటుతో లెక్క వేయకండి. తగ్గేవి పై స్లాబు (వాడకం పెరిగేకొద్దీ రేటు పెరిగే అంచె) యూనిట్లే కాబట్టి, బిల్లులో చివరి స్లాబు రేటు చూడండి. లాభం అసలు అక్కడే ఉంది.

బిగించేటప్పుడు గోడమీది పాత రెగ్యులేటర్‌ను తీయించి నేరుగా కనెక్షన్ ఇప్పించండి, లేకపోతే బీఎల్‌డీసీ ఫ్యాన్ లోపలి సర్క్యూట్ దెబ్బతినొచ్చు.

సోలార్ ఆలోచన ఉంటే ఇదంతా అయ్యాకే పెట్టుకోండి. ఇంటిమీద సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ 3 కిలోవాట్లకు 78,000 దగ్గర ఆగిపోతుంది. వాడకం ముందే తగ్గితే 2 కిలోవాట్లే సరిపోవచ్చు.