పాత సత్రం పుట్టుపూర్వోత్తరాలు తీయాలంటే

ఇంగ్లండు పల్లెల్లో గుర్రబ్బండ్లు ఆగిన పాత ఇన్‌ల చరిత్ర వెతికేవాళ్లకు మద్యం లైసెన్సులు, 1784లో మొదలైన తపాలా బండ్ల రికార్డులు దారి చూపిస్తాయి. మన సత్రంలో డబ్బు తీసుకుని అన్నం పెట్టలేదు, లైసెన్సూ లేదు. నడిపింది మాన్యం, అంటే సత్రం ఖర్చుకని రాసిచ్చిన భూమి. అందుకే విజయవాడలోనైనా గుంటూరులోనైనా అసలు కథ భూమి కాగితాల్లో ఉంటుంది.

అయినా ముందు గోడ చూడండి. శిలాఫలకం మీద సున్నం, పెయింటు పేరుకుని ఉంటే యాసిడ్ పోయొద్దు. సున్నపురాయైతే పెయింటుకంటే ముందు అక్షరమే కరుగుతుంది. నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. చీకటి పడ్డాక టార్చిని రాతికి దాదాపు ఆనించి, పక్కవాటుగా వెలుగు వేసి నాలుగు వైపులనుంచీ ఫొటోలు తీయండి. పగలు కనపడని గీతలు నీడతో తేలతాయి.

ఫలకం మీద శక సంవత్సరం ఉంటే, క్రీస్తు శకం తెలియడానికి దానికి 78 కలపండి. మాఘం, ఫాల్గుణమైతే 79. పుష్యమైతే తిథి చూసి తేల్చుకోవాలి. తర్వాత సంవత్సరం పేరుతో సరిచూడండి: శక 1812 అంటే 1890, వికృతి. ఒక్క ఏడాది తేడా వస్తే చెక్కినవాడు గత శకం (పూర్తయిన ఏళ్ల లెక్క) రాశాడా, నడుస్తున్న శకం (జరుగుతున్న ఏడు కూడా కలిపిన లెక్క) రాశాడా అన్నది చూడాలి. పెద్ద తేడా వస్తే అంకె తప్పు చదివినట్టే.

పెంకు వెనక ‘బేసెల్ మిషన్ 1865’ అని ఉందని సత్రం వయసు కట్టేస్తారు చాలామంది. అది మంగుళూరులో ఆ కార్ఖానా పెట్టిన ఏడు. పెంకు ఎప్పుడు కాల్చారో చెప్పదు. పైగా కప్పు ఎప్పుడైనా మార్చి ఉండొచ్చు. గానుగ సున్నం గోడలో సిమెంటు అతుకు కనిపిస్తే, అది 20వ శతాబ్దపు మరమ్మతు అనుకోవచ్చు.

ఇక కాగితాలు. ఇనాం (మాన్యం) భూముల హక్కులు విచారించడానికి 1858లో మొదలైన ఇనాం కమిషన్ తయారు చేయించిన ఇనాం ఫెయిర్ రిజిస్టరే అన్నిటికీ మూలం. మాన్యం ఎవరిచ్చారు, దేనికిచ్చారు, విస్తీర్ణం, టైటిల్ డీడ్ నంబరు అందులో ఉంటాయి. అడిగేటప్పుడు ఒక మెలిక ఉంది. 1859 నుంచి 1904 దాకా గుంటూరు కూడా కృష్ణా జిల్లాలోదే, కాబట్టి ఆ కాలపు రికార్డును కృష్ణా పేరు మీదే వెతకాలి. విజయవాడ బెజవాడ పేరుతో ఉంటుంది.

రిజిస్టర్‌లోని పాత నంబరు పట్టుకుని నేరుగా ఇ.సి.కి (భూమి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌కి) వెళితే ఎవరిదో పొలం వస్తుంది, ఎందుకంటే తర్వాతి సర్వేల్లో నంబర్లు మారాయి. మధ్యలో ఆర్.ఎస్.ఆర్. (సర్వే నంబర్ల వారీగా భూముల వివరాలు రాసిన రెవెన్యూ రిజిస్టర్) చూసి పాత నంబరుకు కొత్తది ఏదో తేల్చుకోవాలి. విస్తీర్ణం కూడా కలిస్తేనే ముందుకెళ్లండి.

ఆఖరుకి దేవాదాయ శాఖ జిల్లా కార్యాలయంలో, 1987 చట్టం 43వ సెక్షన్ కింద ఉన్న రిజిస్టర్ నకలు అడగండి. నోటిమాటగా అడిగితే తిప్పుతారు. 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. సత్రం పేరొక్కటే రాయొద్దు. దాత ఇంటిపేరు, గ్రామం, టైటిల్ డీడ్ నంబరు కూడా రాయండి, లేకపోతే ‘రికార్డు లేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.