మీ ఇంట్లో ఒకప్పుడు నాటకాలాడినవాళ్లున్నారా? వేషం పేరుతో వెతకండి

"ఆయన నాటకాల్లో తిరిగేవాడులే" అని ఒక్క ముక్క చెప్పి మాట మార్చేస్తుంటారు పెద్దవాళ్లు. మా అమ్మమ్మ తమ్ముడి విషయంలో అదే జరిగింది. ఇంటిపేరు, అసలు పేరు పట్టుకుని రెండేళ్లు వెతికినా ఏమీ దొరకలేదు. చివరికి ఒక ముసలి హార్మోనిస్టు గారు "పేరు సరే బాబూ, ఏం వేషం కట్టేవాడు?" అని అడిగారు. కృష్ణుడు అన్నాను. "ఏ కృష్ణుడు, పడక సీనా, రాయబారమా?" అన్నారు. అర్జునుడు, దుర్యోధనుడు సాయం కోరి వచ్చేసరికి కృష్ణుడు పడుకుని ఉండే ఘట్టం పడక సీను, పాండవుల తరఫున కౌరవుల దగ్గరికి వెళ్లేది రాయబారం. పడక సీను అని అమ్మ చెప్పిన మాట గుర్తొచ్చి చెప్పగానే ఆయన ఊరితో సహా గుర్తుపట్టేశారు.

రాత్రంతా సాగే పద్యనాటకంలో ఒక్క వేషాన్నే ఇద్దరు ముగ్గురు పంచుకునేవాళ్లు, చూసినవాళ్లకి మనిషి పేరు పోయినా ఆ వేషం మాత్రం మిగిలిపోతుంది. అందుకే పెద్దవాళ్లని ఏ సంవత్సరమని అడగకండి. ఏ వేషం, ఎదుటి వేషం ఎవరిది, హార్మోనియం ఎవరు, ఏ పద్యానికి వన్స్‌మోర్ కొట్టేవాళ్లు, పిలిపించిన కాంట్రాక్టరు ఎవరు, ఇవి అడగండి. వాళ్లు పద్యం అందుకుంటే మధ్యలో ఆపకుండా ఫోన్‌లో రికార్డు చేయండి.

పాత ట్రంకు పెట్టెలో ఎవరో తెలియని ఆడమనిషి ఫోటో కనిపిస్తే ఆమె ఏ బంధువో అనుకుని పక్కన పెట్టేయకండి, అది మీ తాతగారే కావచ్చు. మగవాళ్లు స్త్రీ వేషాలు కట్టిన కాలం అది. స్థానం నరసింహారావు గారు ఆ పాత్రలతోనే పేరు తెచ్చుకుని 1956లో పద్మశ్రీ అందుకున్నారు.

అన్నిటికంటే విలువైనది కరపత్రం. దానిమీద తేదీ, వారం ఉంటాయి కానీ సంవత్సరం చాలాసార్లు ఉండదు. టెన్షన్ పడకండి, టికెట్ రేటు చూడండి. అణాల్లో ఉంటే చాలావరకు 1957కి ముందుది, నయాపైసలంటే 1957 నుంచి 1964 మధ్యది. ఒంగోలుని గుంటూరు జిల్లాలో చూపిస్తే 1970కి ముందుదన్నమాట. శివరాత్రికో నవమికో ఆడిన నాటకమైతే పని ఇంకా తేలిక. తేదీ, వారం కలిసిన జత ఐదారేళ్లకో పదకొండేళ్లకో మళ్లీ వస్తుంది కానీ తిథి కూడా కలిసిరావడం అరుదు, కాబట్టి పాత పంచాంగాలు ముందేసుకుంటే దాదాపు ఒక్క సంవత్సరమే మిగులుతుంది. అడుగున చిన్న అక్షరాల్లో ప్రెస్సు పేరు, ఊరు ఉంటాయి, నాటక సమాజం ఏ ప్రాంతంలో తిరిగేదో అక్కడ తెలుస్తుంది.

ఇంట్లో కరపత్రం లేకపోతే లైబ్రరీలకి వెళ్లాల్సిందే. వేటపాలెం సారస్వత నికేతనంలో, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలో పాత పత్రికలు చూడండి, కృష్ణాపత్రిక, ఆంధ్రపత్రికల్లో నాటకాల కబుర్లు వచ్చేవి. పేరు కోసం కాకుండా సమాజం పేరు, ఊరు కోసం పేజీలు తిప్పండి. సురభి నాటక సమాజాల వాళ్లయితే దారి వేరు. 1885లో మొదలైన ఆ సమాజాలు కుటుంబాలుగానే పెరిగాయి, కాబట్టి ఇప్పుడు ఆడుతున్న సురభి కళాకారులనే నేరుగా అడగండి, వావివరసలు వాళ్లకే తెలుస్తాయి. పద్యం బాగా పాడేవారని పేరుంటే 78 ఆర్‌పీఎం రికార్డులు సేకరించేవాళ్లని కూడా అడగండి. ఒక్కో వైపు మూడు నిమిషాలే పట్టేది, అయినా గొంతు వినడం కంటే ఇంకేం కావాలి. 1948 తర్వాత విజయవాడ రేడియోలో పాడి ఉండొచ్చు, అలాగైతే రేడియో వాళ్లిచ్చిన కాంట్రాక్టు కాగితం ఇంట్లో ఎక్కడో ఉండొచ్చు.

మీరు వెతికేది నటీమణి గురించైతే కుటుంబం నోరు మెదపకపోవచ్చు. ఆ రోజుల్లో రంగస్థలం మీదికి వచ్చిన ఆడవాళ్లని లోకం ఎన్ని మాటలందో వాళ్లకి గుర్తుంటుంది. ఒత్తిడి చేయకండి. ముందు ఆమె పాత్ర గురించి, పాట గురించి గౌరవంగా అడగండి, మిగతాది వాళ్లంతట వాళ్లే చెప్పేదాకా ఆగండి, చెప్పినదంతా బయటపెట్టడానికి వాళ్ల అనుమతి తీసుకోండి.

కాగితం ఏది దొరికినా లామినేషన్ మాత్రం చేయించకండి, పాడైపోతుంది. స్కాన్ చేసి విడిగా దాచండి, వెనకవైపు కూడా స్కాన్ చేయండి. మాకు దొరికిన కరపత్రం వెనక ఆయన చేతిరాతలో రైలు చార్జీల లెక్క ఉంది, ఏయే ఊళ్లలో ఆడారో మాకు దాన్నిబట్టే తెలిసింది.