టెరాహెర్ట్జ్ సిగ్నల్ కావాలంటే ముందు టైమ్ కలపండి

అనంతపురంలో మా ల్యాబ్‌కు కొత్తగా వచ్చే పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే: టెరాహెర్ట్జ్ (మైక్రోవేవ్‌కు, ఇన్‌ఫ్రారెడ్‌కు నడుమ ఉండే తరంగాలు) సిగ్నల్ రాకపోతే వెంటనే దాన్ని పుట్టించే క్రిస్టల్‌ను అనుమానించకండి. చాలాసార్లు పంప్ (టెరాహెర్ట్జ్‌ను పుట్టించే లేజర్ పల్స్), ప్రోబ్ (దాన్ని కొలిచే లేజర్ పల్స్) ఒకే సమయానికి చేరవు, అంతే.

గాజులు, వాచీ, ఉంగరాలు తీసేసి గాగుల్స్ పెట్టుకోండి. మన లేజర్ ఇచ్చే 800 నానోమీటర్ల కాంతి కంటికి సరిగ్గా ఆనదు గానీ కన్ను పోగొట్టగలదు.

సుమారు 100 ఫెమ్టోసెకన్ల (వెయ్యి ఫెమ్టోసెకన్లు ఒక పికోసెకను) లేజర్ పల్స్‌ను బీమ్ స్ప్లిటర్‌తో రెండు చేసి, పెద్ద వాటాను (ఇదే పంప్, మిగిలింది ప్రోబ్) 1 మి.మీ. మందం, 110 కోత (క్రిస్టల్‌ను ఏ తలం వెంట కోశారో చెప్పే గుర్తు) ఉన్న జింక్ టెల్యురైడ్ మీదికి పంపండి. ఆ క్రిస్టల్‌లో 800 నానోమీటర్ల పల్స్, టెరాహెర్ట్జ్ తరంగం దాదాపు ఒకే వేగంతో నడుస్తాయి. అందుకే దాన్ని ఎంచుకుంటాం. పోలరైజేషన్ (కాంతి కంపించే దిశ) క్రిస్టల్ 001 అక్షానికి 54.7 డిగ్రీల్లో ఉంటే బలం ఎక్కువ. బీమ్‌ను మరీ సన్నగా ఫోకస్ చేయొద్దు. నారింజ రంగు క్రిస్టల్ లోపల ఆకుపచ్చ వెలుగు గట్టిగా కనబడుతుంటే శక్తి టూ-ఫోటాన్ శోషణకు (క్రిస్టల్ రెండేసి ఫోటాన్లను ఒకేసారి మింగడానికి) పోతోందన్నమాట.

ఇక అసలు పని. స్ప్లిటర్ నుంచి డిటెక్షన్ క్రిస్టల్ (టెరాహెర్ట్జ్, ప్రోబ్ కలిసే రెండో క్రిస్టల్) దాకా రెండు దారుల్నీ టేపుతో కొలిచి సమానం చేయండి. పంప్ కాంతిని ఆపి టెరాహెర్ట్జ్‌ను వదిలే టెఫ్లాన్ ఫిల్టర్ తీసి, పంప్‌ను బాగా తగ్గించి, డిటెక్షన్ క్రిస్టల్ స్థానంలో పల్చటి బీబీవో (800 నానోమీటర్ల కాంతిని నీలి కాంతిగా మార్చే క్రిస్టల్) పెట్టండి. రెండు బీమ్‌లూ చిన్న కోణంలో అందులో కలవాలి. ఒక్కో బీమ్ తన నీలి చుక్క తాను ఇస్తుంది. డిలే స్టేజ్‌ను (ప్రోబ్ దారి పొడవు మార్చే కదిలే అద్దాల్ని) మెల్లగా కదుపుతూ పోండి. రెండు చుక్కల నడుమ మూడోది వెలిగిందా, అదే జీరో డిలే, అంటే రెండూ ఒకేసారి చేరే చోటు. తెల్ల కాగితం అడ్డం పెట్టి చూడండి, ఎంత చక్కగా ఉంటుందో!

ఇప్పుడు బీబీవో తీసి మీ డిటెక్షన్ క్రిస్టల్, టెఫ్లాన్ తిరిగి పెట్టండి. 2 మి.మీ. టెఫ్లాన్ టెరాహెర్ట్జ్‌ను దాదాపు 3 పికోసెకన్లు ఆలస్యం చేస్తుంది. కాబట్టి ప్రోబ్ దారి పెరిగేలా స్టేజ్‌ను 0.45 మి.మీ. జరిపి (కాంతి పోయి వస్తుంది గనుక దారి 0.9 మి.మీ. పెరుగుతుంది), ఆ చుట్టుపక్కలే వెతకండి. అంతకంటే ముందు, పంప్ ఆపి, క్వార్టర్ వేవ్ ప్లేట్‌తో (పోలరైజేషన్ మార్చే పలక) ప్రోబ్‌ను చదివే రెండు ఫోటోడయోడ్‌లనూ సమానం చేయాలి. పంప్‌లో చాపర్ (బీమ్‌ను ఒక లయలో ఆపి వదిలే చక్రం), చివర లాక్-ఇన్ (ఆ లయలో వచ్చే సిగ్నల్‌నే ఏరి పట్టే యాంప్లిఫయర్) ఉండాల్సిందే.

అసలు పల్స్ వెనక సన్నటి అలలు సాగుతుంటే అది గాలిలోని తేమ. 0.557, 0.752, 1.097 టెరాహెర్ట్జ్ దగ్గర నీటి ఆవిరి మింగేస్తుంది. వేసవిలో మన ఊరి పొడి గాలి కొంత మేలు చేస్తుంది. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో మాత్రం సెటప్ చుట్టూ బాక్సు మూసి నైట్రోజన్ పట్టించాకే కొలత మొదలుపెట్టండి.